మా తోడల్లుడి చెయ్యి

కొందరు పక్కవాడి అందం చూసి కుళ్లుకుంటారు, కొందరు ఆస్తి చూసి. నేను ఒక మనిషి కుడిచెయ్యి చూసి కుళ్లుకున్నాను. ఒకరోజూ రెండురోజులూ కాదు, ఇరవై ఆరేళ్లు. ఆ మనిషి పోయి ఆరు నెలలైంది. ఆ చెయ్యి బూడిదైపోయింది గానీ నా కుళ్లు మాత్రం అలాగే ఉంది.

ఆయన మా తోడల్లుడు, అంటే నా భార్యకు అక్క మొగుడు. పేరు చెప్పను. చెప్పినా తిరుత్తణిలో మా వీధి వాళ్లు ఆయన్ని పేరుతో గుర్తుపట్టరు. కైరాశి అన్న అంటేనే తెలుస్తుంది. ఫలానా వాడి చెయ్యి తగిలితే ఏదైనా కలిసొస్తుందని నమ్మితే, వాడికి కైరాశి ఉందంటారు ఇక్కడి తమిళులు. ఆ మాట మా తెలుగిళ్లలోకి ఎప్పుడు వచ్చిందో తెలియదు గానీ మా అత్తగారి నోట్లో మాత్రం కాపురం పెట్టేసింది. ఆమెకు ఇద్దరు అల్లుళ్లు. పెద్దల్లుడు కైరాశి అల్లుడు. చిన్నల్లుణ్ణి నేను, వాద్యార్ అల్లుణ్ణి. తిరువళ్లూరు హైస్కూల్లో లెక్కలు చెప్పే అయ్యవారిని.

పోయిన నెల మా ఇంట్లో వీధి ఆడవాళ్ల కులుక్కల్ చీటీ వేశారు. ఇది మా వైపు ఎప్పటినుంచో ఉన్నదే. ఇరవై మంది చేరి నెలనెలా సమానంగా కడతారు. ఇరవై పేర్లు చిన్న కాగితాల మీద రాసి, చుట్టలు చుట్టి, స్టీలు చెంబులో వేసి కుదుపుతారు, కులుక్కల్ అంటే అదే. ఎవరి పేరు వస్తే ఆ నెల మొత్తం వాళ్లది. వచ్చిన పేరు మళ్లీ చెంబులోకి పోదు. ఒకప్పుడు చీటీ తీసే పని ఆయనది, ఈ తొమ్మిదేళ్లుగా నాది. ఆ రోజు కూడా చెంబు నా ముందు పెట్టారు. నేను చెయ్యి పెట్టబోయేముందు ఆడవాళ్లంతా ఒక్కసారిగా నవ్వారు. ఏమిటని అడిగితే మా ఆవిడ చెప్పింది, నేను కుడి అరచేతిని ఎడమ భుజం మీద రుద్దుకున్నానట, అచ్చం ఆయన మాదిరి.

నిజంగా రుద్దుకున్నానో లేదో నాకు గుర్తు లేదు. కానీ ఆ తర్వాత మనసు మనసులో లేదు.

అది ఆయన అలవాటు. చీటీ తీయాలన్నా, పేకముక్కలు కోయాలన్నా, కొత్త బండికి తాళం తిప్పాలన్నా, ముందు కుడి అరచేతిని ఎడమ భుజం మీద రెండుసార్లు రుద్దేవాడు. ఆయన చొక్కాలన్నిటికీ ఎడమ భుజమే ముందు వెలిసిపోయేది. తిరువళ్లూరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్ పని. గోళ్లలో ఎప్పుడూ నల్లటి గ్రీజు గీత ఉండేది, ఎంత సబ్బు రుద్దినా పోయేది కాదు. అరచెయ్యి పెద్దది, వేళ్లు లావు, బొటనవేలు కొంచెం వంకర. అందులో రాశి ఏమిటో నేను చాలాసార్లు ఓరగా చూసి వెతికాను. మామూలు చెయ్యే.

చెంబులో చెయ్యి పెట్టేటప్పుడు ఆయన ఒక మాట అనేవాడు. పక్కన ఎవరో ఒక అమ్మ, అన్నా ఎన్ని నెలలైనా నా పేరు రాలేదే అని వాపోతుంది. ఆయన తల వంచుకుని, కాగితాలు కదిలిస్తూ, "యాడికి పోతాదమ్మా, లోపలే గదా ఉండాది" అనేవాడు. అంత మామూలు మాటకే ఆడవాళ్ల మొహాలు వెలిగిపోయేవి. నేను ముప్పై ఏళ్లుగా పిల్లలకు లెక్కలు చెబుతున్నాను, నా మాటకు ఒక్క మొహమూ అలా వెలగలేదు.

ఆయన్ని నేను మొదటిసారి సరిగ్గా చూసింది అత్తిమంజేరిపేటలో, మా మామగారి చేలో. మాకు పెళ్లయిన కొత్త. వేరుశనగ చేనుకు బోరు వేయిస్తున్నారు. మా మామగారు పెద్దల్లుణ్ణి చేనంతా వట్టికాళ్లతో నడిపించారు. ఆయన ఒకచోట ఆగి, అరచేతిని భుజం మీద రుద్దుకుని, కిందికి చూపించాడు. అక్కడ టెంకాయ కొట్టి బోరు దించారు. నీళ్లు పడ్డాయి. ఊరంతా వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు. కొత్తల్లుణ్ణి నేను, గట్టు మీద నిలబడి ఆయన చెప్పులు కాపలా కాశాను.

తర్వాత తెలిసింది, అంతకుముందు అదే చేలో ఆయన చూపించిన చోటే రెండు బోర్లు వేశారని, రెండూ ఎండినవేనని. ఆ సంగతి నేను మా అత్తగారి దగ్గర కదిపాను. ఆమె ఏమాత్రం తడుముకోలేదు. "అవి లెక్క కాదు. అప్పుడు ఆయప్ప చెప్పులేసుకోని నడిచినాడు" అంది. కలిసొచ్చినవే లెక్క, కలిసిరానివి లెక్కలోకే రావు. ఇలా ఏరుకుంటూ పోతే ఎవరి చెయ్యి అయినా బంగారమే అవుతుందని చెప్పబోయాను. ఆమె అప్పటికే ఆయనకు మజ్జిగ తీసుకుపోతోంది.

నాకూ రోషం ఉంది. ఒకసారి పండక్కి అందరం మా అత్తగారింట్లో ఉన్నాం. భోజనాలకు ముందు మాట మీద మాట వచ్చి, చేతి రాశి అనేది ఉత్త మాట అని నేను అందరి ముందూ అనేశాను. నాణెం ఎగరేస్తే బొమ్మ పడుతుందా బొరుసు పడుతుందా అనేది చేతికి తెలియదు, నాణేనికి అసలే తెలియదు, ఇంతకుముందు ఏం పడిందో దానికి జ్ఞాపకం ఉండదు అని క్లాసులో చెప్పినట్టే చెప్పాను. జేబులోంచి ఒక రూపాయి బిళ్ల తీసి, చెప్పండన్నా అని ఆయనకు సవాలు విసిరాను. ఆయన సిగ్గుపడుతూ నవ్వి, నాకెందుకులే తమ్ముడూ అన్నాడు. మా అత్తగారు పట్టుబట్టింది.

ఆయన బొమ్మ అన్నాడు. బొమ్మ పడింది. మళ్లీ బొమ్మ అన్నాడు, పడింది. మూడోసారీ అంతే. నాలుగోసారి ఆయన కాసేపు ఆలోచించి, "మూడుసార్లు బొమ్మే పడింది గదా, ఇంగ బొరుసు రావాల" అన్నాడు. బొరుసు పడింది. ఇల్లంతా గొల్లున నవ్వింది. నా కొడుకు, అప్పుడు ఐదేళ్ల వాడు, పెదనాయన చెయ్యి పట్టుకుని గంతులేశాడు. పదహారుసార్లలో సగటున ఒకసారి ఇలా జరుగుతుందని నేను గొంతు చించుకుంటున్నాను. విస్తళ్లు వేసే హడావుడిలో ఎవరూ వినలేదు.

చెయ్యి కడుక్కునేటప్పుడు ఆయన నా వెనకే వచ్చాడు. "నువ్వు చెప్పింది బాగుండాది తమ్ముడూ. నాకు సరిగ్గా ఎక్కలే. ఇంగోసారి మెల్లగా చెప్తావా" అన్నాడు. ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. మొహం చూశాను. ఎగతాళి లేదు, మామూలుగా అడుగుతున్నాడు. అలాగేలే అన్నా, తీరిగ్గా చెబుతాను అన్నాను. ఆ తీరిక నాకు ఎన్నడూ దొరకలేదు. అంటే నేను దొరకనివ్వలేదు.

మేమిద్దరం తిరుత్తణి నుంచి తిరువళ్లూరుకు ఒకే రైల్లో పోయేవాళ్లం. నేను కిటికీ పక్కన పేపరు చదువుకునేవాణ్ణి. ఆయన మధ్య సీట్లలో, మోకాళ్ల మీద తుండుగుడ్డ పరిచి పేకాడే గుంపులో ఉండేవాడు. ఎక్కువగా ఆడేవాడు కాదు. ముక్కలు కలిపాక కోయడానికి అందరూ ఆయనకే ఇచ్చేవారు. ఆయన కోస్తే రమ్మీ బాగా పడుతుందట. ఎవరికి బాగా పడుతుందని నేనొకసారి అడిగాను. అందరికీ అన్నారు. అందరికీ ఎలా పడుతుంది, ఒకడు గెలిస్తే మిగతావాళ్లు ఓడాలి కదా అన్నాను. వాళ్లు నన్ను ఉప్పులేని కూర మాదిరి చూశారు. ఆయన మాత్రం నా వైపు చెయ్యి చాచి, మా తమ్ముడు లెక్కల వాద్యార్, వాని దగ్గర మాట్లాడేటప్పుడు చూసుకోండి అన్నాడు. రోజూ ఎవరో ఒక కొత్త మనిషికి నన్ను అలా చూపించేవాడు. నన్ను చూపించి తాను పెద్దవాడవుతున్నాడని నాకు మంటగా ఉండేది.

ఆయనకు అసలు పిచ్చి పేక మీద కాదు, నంబర్ మీద. మా రాష్ట్రంలో లాటరీ లేదు. అయితే లాటరీ ఉన్న వేరే రాష్ట్రంలో రోజూ మధ్యాహ్నం వచ్చే ఫలితం మీద, చివరి అంకె ఏదొస్తుందని ఇక్కడ చాటుగా పందెం కాస్తారు. అంకె ఫోన్లో చెప్పి, డబ్బు ఏజెంటు చేతికిస్తారు. ఆయన చిన్న మొత్తాలే కట్టేవాడు, అప్పుడప్పుడు వచ్చేవి. వచ్చినవన్నీ వీధికంతా తెలిసేవి, పోయినవి ఆయన చొక్కా జేబులోని చిన్న డైరీకే తెలిసేవి. అందులో రోజుకో అంకె చొప్పున వరసగా రాసుకునేవాడు. ఏ అంకె వచ్చి ఎన్ని రోజులైందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు.

అంకెలు ఆయనకు మనుషులు. ఐదు మర్యాదస్తుడు, పిలిస్తే పలుకుతాడు. మూడు తిక్కమనిషి. సున్నా ముసలాయన, వస్తే కూర్చుంటాడు, రెండు మూడు దినాలు కదలడు. ఏడు అలిగిపోయిన అల్లుడు, బతిమాలాల. ఇది చెప్పేటప్పుడు రైల్లో నవ్వులు మానవూరు నుంచి కడంబత్తూరు దాకా ఆగేవి కావు. తాను ఏడు కడితే ఆరో ఎనిమిదో వచ్చిందనుకోండి, బాధపడడానికి బదులు సంబరపడేవాడు. పక్కింటిదాకా వచ్చేసినాడు, రేపు మనింటికే అనేవాడు. ఆరు వచ్చినా రెండు వచ్చినా ఏడు రానట్టే కదా అని నాలో నేను గొణుక్కునేవాణ్ణి. అంకెలకు ఇరుగూ పొరుగూ ఉండవు. కానీ ఆయన నోట వింటే ఉన్నట్టే అనిపించేది, అదే నాకు ఒళ్లు మండే విషయం.

ఆయన పొరపాటు ఎక్కడుందో నాకు చాలా ఏళ్ల కిందటే అర్థమైంది. ఆయన చిన్నప్పటి నుంచి చూసింది కులుక్కల్ చెంబు. వాళ్లమ్మ వీధిలో చీటీ నడిపేది. ఆ చెంబులో తీసిన పేరు మళ్లీ పడదు కాబట్టి నెలలు గడిచేకొద్దీ రానివాళ్ల వంతు నిజంగానే దగ్గర పడుతుంది. పందొమ్మిది నెలలు రాని పేరు ఇరవయ్యో నెల వచ్చి తీరుతుంది. చెంబు విషయంలో ఆయన మాట అక్షరాలా నిజం. కానీ లాటరీలో పది అంకెలూ రోజూ మళ్లీ మొదటికొస్తాయి. నిన్న వచ్చింది నేడూ రావచ్చు, నెలగా రానిదానికి నేడు ప్రత్యేకంగా ఏ హక్కూ పుట్టదు. అన్నా, ఇక్కడ తీసిన చీటీని మళ్లీ చెంబులోనే వేసేస్తారు. ఆయనకు అర్థం కావడానికి ఈ ఒక్క వాక్యం చాలు. పదో తరగతి పిల్లలకు ఏటా చెప్పే వాక్యం. ఇంట్లో మనిషికి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

తొమ్మిదేళ్ల కిందట ఒక సంవత్సరం నా కుళ్లు ముదిరిపోవడానికి రెండు కారణాలున్నాయి.

మార్చిలో నా కొడుకు పదో తరగతి పరీక్షలు రాశాడు. లెక్కల పరీక్ష ముందురోజు సాయంత్రం వాడు కనిపించలేదు. అడిగితే, పెన్ను తీసుకుని పెదనాయన దగ్గరికి పోయాడంది మా ఆవిడ. ఆయన ఆ పెన్నును చేతిలో పెట్టుకుని, ఒక గీత గీసి ఇచ్చాడట. సంవత్సరమంతా తెల్లవారుజామున లేపి వాడికి లెక్కలు నేర్పింది నేను. వందకు తొంభై ఆరు వచ్చాయి. వాడు మార్కుల కాగితం పట్టుకుని ముందు పరిగెత్తింది ఆయన ఇంటికి.

మే నెలలో మా ఇంటి గృహప్రవేశం. నా జీతంతో, నా లోనుతో కట్టిన ఇల్లు. గడప దాటేటప్పుడు మా అత్తగారు నన్ను ఆగమంది. పెద్దల్లుడి చేత ముందు తలుపు తోయించింది. పాలు పొంగించడానికి పొయ్యి కూడా ఆయన చేతే వెలిగించింది. ఆయన ఇబ్బందిగా నా వైపు చూసి, తమ్ముడి ఇల్లు గదా అత్తా, వాడే తోయనీ అన్నాడు. మా ఆవిడే, పరవాలేదు బావా, మీ చెయ్యే పడనీ అంది. పట్టుపంచె కట్టుకుని నేను నా ఇంటి గుమ్మం బయట నిలబడ్డాను. ఫొటోలో కూడా తలుపు మీద ఉన్నది ఆయన చెయ్యే. ఆ ఫొటో మా హాల్లో ఇప్పటికీ ఉంది.

ఆగస్టులో ఆయన కూతురికి నర్సింగ్ కాలేజీలో సీటు వచ్చింది. ఆ పిల్లకు చిన్నప్పటి నుంచి అదే ఆశ. ఆయన భార్య, మా వదిన, కులుక్కల్ చీటీలో చివరిదాకా ఆగి ఆగి ఆ నెలే మొత్తం అందుకుంది. మొదటి సంవత్సరం ఫీజుకు అది సరిపోతుంది. సోమవారం కట్టేయాలి. ఇదంతా మా ఇంట్లో అందరికీ తెలుసు.

శనివారం నాకు స్కూలుంది, ఆయనకు పనుంది. ఎప్పటి రైలే. ఆ రోజు ఆయన పేక గుంపులో కూర్చోలేదు. వచ్చి నా పక్కన కూర్చున్నాడు. కాసేపు కిటికీ బయటికి చూశాడు. తర్వాత డైరీ తీసి నా ఒళ్లో పెట్టాడు. వరసలు వరసలుగా అంకెలు. ఏడు ఎక్కడెక్కడ వచ్చిందో ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి ఉన్నాయి. చివరి ఎర్ర సున్నా తర్వాత పేజీన్నర నల్లగానే ఉంది.

"నెల దినాలుగా ఏడు రాలే తమ్ముడూ," అన్నాడు. "నేను సదువుకోలేదు. నీది లెక్కల బుర్ర. నువ్వు చెప్పు. ఇంగ రావాల గదా?"

చీటీ డబ్బు బ్యాగులో ఉందని ఆయనే చెప్పాడు. ఒక సంవత్సరం ఫీజు చేతిలో ఉంది, మిగతా సంవత్సరాలది ఏడు ఇస్తాడు, పిల్ల చదువు పూర్తయ్యేదాకా ఇంక ఎవరి ముందూ చెయ్యి చాచక్కర్లేదు అన్నాడు. ఆయన గొంతులో ఎప్పటి ధీమా లేదు. భయపడుతున్నాడు. ఇన్నేళ్లలో ఆ చెయ్యి మీద ఆ చేతి మనిషికే అనుమానం వచ్చిన రోజు అదొక్కటే. ఆ అనుమానం తీర్చమని నా దగ్గరికి వచ్చాడు.

"వద్దు, అన్నా" అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ ఒక్క వాక్యం నా నాలుక మీదే ఉంది. కానీ నా కళ్ల ముందు నా ఇంటి తలుపు మీద ఆయన చెయ్యి కనిపిస్తోంది. ఇప్పుడు ఆపితే ఆ చెయ్యి ఎప్పటికీ గెలిచిన చెయ్యిగానే ఉండిపోతుంది. ఒక్కసారి అందరి ముందూ ఓడితే చూడాలని ఉంది నాకు. ఆ పిల్ల సీటు నాకు గుర్తు లేదని చెప్పను. గుర్తుంది. గుర్తుండే అన్నాను.

"నెల దినాలుగా రాలేదంటే ఇంక రావాల్సిందే అన్నా. లెక్క ప్రకారం అంతే."

ఆయన మొహం విప్పారింది. డైరీ మూసి, నా భుజం తట్టాడు. తిరువళ్లూరు రాగానే దిగి, గుంపులో నడుస్తూ కుడి అరచేతిని ఎడమ భుజం మీద రుద్దుకుంటూ పోవడం కిటికీలోంచి చూశాను. దిగి వెనకే పరిగెత్తి ఆపడానికి నాకు ఇంకా టైముంది. నేను పేపరు మడత పెట్టుకుని నెమ్మదిగా దిగాను.

మధ్యాహ్నం మూడింటికి తొమ్మిదో తరగతిలో వృత్తాలు చెబుతున్నాను. చేతిలో చాక్‌పీసు రెండుసార్లు విరిగింది. ఏడు రాకూడదని కోరుకున్నాను. వచ్చేస్తే ఈ మనిషి ఇంక జన్మలో నాకు అందడని భయపడ్డాను. పిల్ల మొహం గుర్తొచ్చి, వస్తే బాగుండునని కూడా ఒకసారి అనుకున్నాను. అది ఒక్కసారే.

ఎనిమిది వచ్చింది.

సాయంత్రం రైల్లో ఆయన లేడు. మర్నాడు ఆదివారం అత్తిమంజేరిపేటలో అందరూ చేరారు. మా వదిన ఒక మూల కూర్చుని ఏడవడం కూడా మానేసింది. పిల్ల లోపలి గదిలోంచి బయటికి రాలేదు. మా అత్తగారు ఆయన మొహం మీదే అడిగింది, ఇంట్లో లెక్కల వాద్యారు ఉన్నాడు గదా, ఒక్కమాట అడగాలని తోచలేదా అని. ఇప్పుడు చెబుతాడు, అడిగినాను, వాడే కట్టమన్నాడు అంటాడు. అంతా అయిపోయింది అనుకున్నాను.

ఆయన తల వంచుకునే అన్నాడు. "అడిగినాను అత్తా. తమ్ముడు వద్దనే అన్నాడు. నేనే విన్లే."

ఆయన నా వైపు చూడలేదు. నేను నోరు తెరవలేదు. కాసేపటికి మా అత్తగారు లేచి అన్నం వడ్డించింది. పదిహేడేళ్లలో మొదటిసారి, మొదటి విస్తరి నా ముందు వేసింది. వాద్యారూ, తిను నాయనా అంది. నేను తిన్నాను. సిగ్గు లేకుండా పెరుగు కూడా వేసుకున్నాను.

ఆ రోజు నుంచి ఆయన చేతికి రాశి పోయింది. బోరు వేయాలన్నా, బండి కొనాలన్నా మా అత్తగారు నన్నే అడగడం మొదలుపెట్టింది. చీటీ చెంబు నా ముందుకు వచ్చింది. ఆయన నంబరూ మానేశాడు, పేకా మానేశాడు. రైల్లో నా పక్కనే కూర్చుని, స్కూలు ఎట్లుండాది, పిల్లోళ్లు వింటా ఉండారా అని అడిగేవాడు. ఆ సంగతి మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు. ఆ పిల్ల బి.కాం. చదివి, తిరువళ్లూరులో ఒక ఆసుపత్రిలో ముందు బల్ల దగ్గర కూర్చుని టోకెన్లు రాస్తోంది. నర్సు బట్టల్లో తన ఈడు పిల్లలు తన ముందు నుంచే లోపలికి పోతుంటారు. నన్ను చూస్తే చిన్నాయనా అని లేచి నిలబడుతుంది.

ఆయన ఆ అబద్ధం ఎందుకు చెప్పాడని తొమ్మిదేళ్లు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. నన్ను జీవితాంతం తన గుప్పిట్లో పెట్టుకోవడానికే అని ఒకప్పుడు అనుకున్నాను. ఓడిపోయినా తానే గొప్పవాడనిపించుకోవడానికి అని ఇంకోసారి. ఇదే నాకు ఎక్కువ నచ్చింది. అందరి మర్యాదా నాకొచ్చేశాక కూడా ఆయన మీద కుళ్లు పోలేదు, పైగా పెరిగింది. నాకు జిల్లాలో మంచి ఉపాధ్యాయుడని సన్మానం చేసినప్పుడు ఆయన ఆఖరి వరసలో కూర్చుని, అందరూ ఆపేశాక కూడా చప్పట్లు కొడుతూనే ఉన్నాడు. దాన్ని కూడా నేను తప్పుగానే తీసుకున్నాను.

ఆరు నెలల కింద ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చింది. రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. నేను వెళ్లేసరికి మాట లేదు. మంచం పక్కన ఆ కుడిచెయ్యి దుప్పటి బయటికి వేలాడుతూ ఉంది. దాన్ని ఎత్తి లోపల పెట్టాను. అంతే మా ఇద్దరికీ జరిగిన వీడ్కోలు.

చీటీ తీసేటప్పుడు ఆడవాళ్లు నవ్విన రోజు గడిచి మర్నాడు, ఇంక పట్టలేక మా వదిన ఇంటికి వెళ్లాను. మధ్యాహ్నం. ఆమె ఒక్కతే చాప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నేను ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఏమీ కలపకుండా, మెత్తబరచకుండా చెప్పేశాను.

"వదినా, ఆ దినం అన్న నన్ను అడిగినాడు. నేను వద్దనలేదు. వస్తాది, కట్టమన్నాను."

ఆమె చేతులు ఆగలేదు. గింజ తీసి గిన్నెలో వేసింది.

"తెలుసు," అంది.

ఆమె తల ఎత్తకుండానే చెప్పింది. "ఆ దినమే నాకు చెప్పేసినాడు. నేను నీ మీదికి వస్తానంటే గడపకు అడ్డం నిలబడినాడు. పాపం, తమ్మునికి ఆ పొద్దు లెక్క తప్పింది, ఎవురికైనా తప్పుతాది అన్నాడు. లెక్కల వాద్యారుకే లెక్క రాలేదని తెలిస్తే ఇస్కూల్లో పిల్లోళ్లు గూడా నవ్వుతారు, వానికి ఉండేది ఆ మర్యాద ఒక్కటే, దాన్ని మనం తీసేయకూడదు అన్నాడు. పిల్లకు గూడా చెప్పొద్దని నా చేత ఒట్టు పెట్టించుకున్నాడు."

మొదటిసారి నా మొహం చూసింది. "లెక్క తప్పినందుకు ఇన్నేండ్లు లోపల పెట్టుకోని కుమిలిపోతా ఉండావా నాయనా? పోనీలే. కాఫీ పెడతాను ఉండు."

ఆ రోజు నాకు లెక్క తప్పలేదు వదినా అనాలి. అది చెప్పడానికే వచ్చాను. ఆమె లేచి వంటింట్లోకి వెళ్లింది, స్టవ్ వెలిగించిన చప్పుడు వినిపించింది. నన్ను అంత మంచివాడనుకున్న మనిషి లోకంలో ఆయనొక్కడే. ఆ నమ్మకం ఇప్పుడు ఆమె దగ్గర మాత్రమే మిగిలి ఉంది. ఆమె గ్లాసు తెచ్చి ఇచ్చింది. నేను కాఫీ తాగి, ఏమీ చెప్పకుండా ఇంటికి వచ్చేశాను.